ఒకే కోడ్, రెండు ఫోన్లు: మొబైల్ యాప్‌లో తప్పులు ఎక్కడ దాక్కుంటాయి?

2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరం ప్రపంచమంతా వార్తల్లోకి ఎక్కింది. ఆ అక్షరం ‘జ్ఞా’. ఒక ప్రత్యేకమైన కూర్పుతో అది ఐఫోన్‌కు సందేశంగా వస్తే, దాన్ని చూపాల్సిన యాప్ కుప్పకూలిపోయేది. మళ్లీ తెరిస్తే మళ్లీ కూలేది. అదే అక్షరం నోటిఫికేషన్‌లో వస్తే యాప్‌తో పాటు ఫోన్ హోమ్ స్క్రీన్ కూడా నిలిచేది కాదు. అదే నెల 19న యాపిల్ సంస్థ ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి లోపాన్ని సరిదిద్దింది. అక్షరాలను తెరపై గీసే ‘కోర్‌టెక్స్ట్’ అనే భాగంలో మెమరీకి సంబంధించిన పొరపాటు ఉందని అప్పుడు ప్రకటించింది.

‘విజ్ఞానం’ అని మామూలుగా రాస్తే ఏమీ అయ్యేది కాదు. చిక్కంతా ఆ కూర్పులోనే ఉంది. కంప్యూటర్ దృష్టిలో ‘జ్ఞా’ ఒక అక్షరం కాదు, నాలుగు గుర్తులు: జ, పొల్లు, ఞ, ఆకారపు గుణింతం. వీటి మధ్య కంటికి కనిపించని మరో గుర్తు చేరినప్పుడే ఫోన్ తడబడింది. రెండు అక్షరాలు ఒకదానికొకటి అతుక్కోకుండా చూడడం ఆ గుర్తు పని. అది అరుదైనదేమీ కాదు. ‘సాఫ్ట్‌వేర్’ అని రాసేటప్పుడు ‘ట్’ కింద ‘వ’ వత్తుగా మారకుండా ఆపేది అదే.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఆ రోజుల్లో కూలిన యాప్‌లను రాసినవారు ఏ తప్పూ చేయలేదు. వారి కోడ్‌లో దోషం లేదు. అయినా యాప్ పడిపోయింది. యాప్ అంటే దాన్ని రాసినవారి కోడ్ ఒక్కటే కాదు. దాని కింద ఫోన్ ఆపరేటింగ్ సిస్టమ్, అక్షరాలు గీసే యంత్రాంగం, గడియారం, నెట్‌వర్క్ నియమాలు అన్నీ ఉంటాయి. ఒకే కోడ్‌ను ఆండ్రాయిడ్‌లోనూ ఐఫోన్‌లోనూ నడపాలనుకునే క్రాస్ ప్లాట్‌ఫామ్ పద్ధతిలో ఈ పునాది ఒకటి కాదు, రెండు. అందుకే అలాంటి ప్రాజెక్టును మొదలుపెట్టేటప్పుడు కోడ్ రాసే ఏర్పాటుకు ఎంత శ్రద్ధ అవసరమో, తప్పులను చూసే ఏర్పాటుకూ అంతే అవసరం.

రెండుసార్లు రాయడం ఎందుకు?

ఆండ్రాయిడ్ యాప్‌లను సాధారణంగా కోట్లిన్ లేదా జావా భాషలో రాస్తారు. ఐఫోన్ యాప్‌లను స్విఫ్ట్‌లో రాస్తారు. రెండింటికీ వేర్వేరుగా రాస్తే పని రెండింతలు. ఒక చోట దిద్దిన తప్పు రెండో చోట అలాగే మిగిలిపోవచ్చు కూడా. చిన్న బృందాలకు, స్వచ్ఛంద సంస్థలకు, పరిశోధన ప్రాజెక్టులకు ఇది పెద్ద భారం.

దీనికి మూడు ప్రధాన మార్గాలు పుట్టాయి. మొదటిది వెబ్ పేజీ దారి. 2008లో ‘ఫోన్‌గ్యాప్’గా మొదలై తర్వాత ‘కార్డోవా’గా కొనసాగిన పద్ధతి ఇది. చిరునామా పట్టీ లేని బ్రౌజర్‌ను యాప్ లోపల దాచి, అందులో వెబ్ పేజీలనే నడుపుతుంది. రెండోది 2015లో ఫేస్‌బుక్ అందరికీ అందుబాటులోకి తెచ్చిన ‘రియాక్ట్ నేటివ్’ దారి. ఇందులో ఆలోచన అంతా జావాస్క్రిప్ట్‌లో జరుగుతుంది. తెరపై కనిపించే బటన్లు, అక్షరాలు మాత్రం ఆయా ఫోన్ల సొంతవే. మూడోది గూగుల్ తెచ్చిన ‘ఫ్లట్టర్’ దారి. దీని తొలి స్థిర రూపం 2018 డిసెంబరులో వచ్చింది. ఇది ఫోన్ ఇచ్చే బటన్లను వాడదు. ఖాళీ తెరను తీసుకుని, ప్రతి గీతనూ ప్రతి అక్షరాన్నీ తానే గీసుకుంటుంది.

ఏ దారి ఎంచుకున్నామన్నదాన్ని బట్టి తప్పు ఎక్కడ వెతకాలన్నది మారుతుంది. మొదటి రెండు దారుల్లో అక్షరాలు గీసే పని ఫోన్‌దే. 2018 నాటి ‘జ్ఞా’ లోపం వంటిది ఉంటే అది నేరుగా యాప్‌ను తాకుతుంది. ఫ్లట్టర్ తన అక్షరాల కూర్పును తనతోనే తెచ్చుకుంటుంది కాబట్టి ఆ లోపం తెర లోపలికి రాకపోవచ్చు. కానీ నోటిఫికేషన్‌లు, కీబోర్డు ఎప్పటికీ ఫోన్‌వే. పైగా ఫ్లట్టర్ సొంత యంత్రాంగంలో తప్పుంటే అది రెండు రకాల ఫోన్లలోనూ ఒకేసారి కనిపిస్తుంది.

‘ఒకే కోడ్’ అన్న మాటకూ హద్దులున్నాయి. మొక్కలను, పురుగులను, పక్షులను కెమెరా ముందు పెడితే గుర్తుపట్టే ‘సీక్’ అనే యాప్ ఉంది. ప్రకృతి పరిశీలకుల వేదిక ‘ఐనేచురలిస్ట్’ దాన్ని రియాక్ట్ నేటివ్‌లో రూపొందించింది. తెరలు, జాబితాలు రెండు ఫోన్లకూ ఉమ్మడివే. జాతిని గుర్తుపట్టే భాగం మాత్రం ఆండ్రాయిడ్‌లో ఒక సాధనంతో, ఐఫోన్‌లో మరో సాధనంతో నడుస్తుంది. కెమెరా, జీపీఎస్, బ్లూటూత్ వంటి వాటిని తాకిన చోటల్లా ఒకే కోడ్ రెండు పాయలుగా చీలుతుంది. తప్పులు ఎక్కువగా చేరేదీ ఆ చీలిక దగ్గరే.

పనిబల్ల సర్దుకోవడం

ఒక ఉదాహరణ తీసుకుందాం. వాన కొలిచే స్వచ్ఛంద పరిశీలకుల కోసం ఒక చిన్న యాప్ తయారు చేయాలి. ఇంటి పెరట్లో వర్షమాపకం పెట్టుకున్నవారు ప్రతి ఉదయం ఎన్ని మిల్లీమీటర్ల వాన పడిందో, ఎప్పుడు కొలిచారో, తెలుగులో చిన్న వ్యాఖ్యతో సహా నమోదు చేస్తారు. మన దేశంలో వాతావరణ శాఖ రోజు వర్షపాతాన్ని ఉదయం 8:30 గంటలకు ముగిసే 24 గంటలకు లెక్కిస్తుంది. కాబట్టి ఈ యాప్‌లో తేదీ, సమయం తప్పితే కొలతకు విలువ లేదు.

ముందు కావాల్సింది కంప్యూటర్. ఆండ్రాయిడ్ కోసం విండోస్, లినక్స్, మ్యాక్ ఏదైనా సరిపోతుంది. ఐఫోన్ యాప్‌ను తయారు చేసే ‘ఎక్స్‌కోడ్’ మాత్రం మ్యాక్‌లోనే నడుస్తుంది. మ్యాక్ లేనివారు మొదట ఆండ్రాయిడ్‌పై పని సాగించి, ఐఫోన్ రూపాన్ని అద్దె మ్యాక్‌లలో ఇంటర్నెట్ ద్వారా తయారు చేయించుకోవచ్చు. అయితే చివరికి ఐఫోన్‌ను చేతపట్టుకుని చూడక తప్పదు.

తర్వాత పనిముట్లు. ఫ్లట్టర్ అయితే డార్ట్ భాష, రియాక్ట్ నేటివ్ అయితే నోడ్. రెండింటికీ జావా కిట్, ఆండ్రాయిడ్ అభివృద్ధి సామగ్రి కావాలి. కొత్తవారు ఎక్కువగా విసిగిపోయేది ఇక్కడే. ఈ పనిముట్లలో ప్రతిదానికీ సొంత వెర్షన్ సంఖ్య ఉంటుంది. జావా ఒక మెట్టు పైకి వెళ్లి, దాన్ని వాడే ‘గ్రేడిల్’ కింది మెట్టులోనే ఉండిపోతే యాప్ తయారు కాదు. వచ్చే ఎర్ర అక్షరాల సందేశమేమో తాను రాసిన కోడ్‌నే తప్పుపట్టినట్టు కనిపిస్తుంది. అందుకే రెండు వేదికల్లోనూ ‘డాక్టర్’ అనే ఆదేశం ఉంది. అది కంప్యూటర్‌ను పరీక్షించి ఏది ఉంది, ఏది లేదు, ఏది పాతది అన్నది వరసగా చెబుతుంది. ఒక్క గీత కూడా రాయకముందే ఖాళీ ప్రాజెక్టును తయారు చేసి, అది రెండు ఫోన్లలోనూ తెరుచుకుంటోందో లేదో చూడడం మంచి అలవాటు. అప్పటికే పనిచేసిన ఖాళీ ప్రాజెక్టు తర్వాత పనిచేయకపోతే, మధ్యలో మారిందేమిటన్నదే వెతకాలి.

వాడిన ప్రతి లైబ్రరీ వెర్షన్‌ను ‘లాక్ ఫైల్’ అనే చిట్టా గుర్తుపెట్టుకుంటుంది. ప్రయోగశాలలో ఏ రసాయనం ఏ కంపెనీది, ఎంత శుద్ధమైనది అని నోట్‌బుక్‌లో రాసుకోవడం లాంటిదే ఇది. ఆ చిట్టాను కోడ్‌తో పాటు భద్రపరిస్తేనే ఆరు నెలల తర్వాత, మరో కంప్యూటర్‌లో, మరో మనిషి అదే యాప్‌ను మళ్లీ తయారు చేయగలరు.

నకిలీ ఫోన్, అసలు ఫోన్

కంప్యూటర్ తెరపై కనిపించే ఫోన్ నిజమైన ఫోన్ కాదు. అందులోనూ రెండు రకాలున్నాయి. ఆండ్రాయిడ్ ‘ఎమ్యులేటర్’ ఒక పూర్తి ఆండ్రాయిడ్ వ్యవస్థను కంప్యూటర్ లోపల నడుపుతుంది. ఐఫోన్ ‘సిమ్యులేటర్’ అలా కాదు. యాప్‌ను మ్యాక్ ప్రాసెసర్‌కు తగినట్టు తయారు చేసి, ఐఫోన్ రూపంలో ఉన్న కిటికీలో చూపుతుంది. అందులో కెమెరా పనిచేయదు. మెమరీ, వేగం మ్యాక్‌వే. అక్కడ యాప్ వేగంగా నడిచిందంటే మ్యాక్ వేగమైనదని మాత్రమే అర్థం.

అలాగని నకిలీ ఫోన్లు పనికిరానివి కావు. ఆండ్రాయిడ్ ఎమ్యులేటర్‌లో జీపీఎస్ స్థానాన్ని మార్చవచ్చు. నెట్‌వర్క్‌ను తెంపవచ్చు. బ్యాటరీ అయిపోతున్నట్టు నటింపజేయవచ్చు. అసలు ఫోన్‌లో కష్టమైన పరిస్థితులను అక్కడ కావాలని సృష్టించవచ్చు.

ఎమ్యులేటర్‌తో తొలి రోజునే ఎదురయ్యే చిక్కు ఒకటుంది. వాన లెక్కలు దాచే సర్వర్‌ను తయారీ దశలో సొంత కంప్యూటర్‌లోనే నడుపుతారు. దాని చిరునామా ‘లోకల్‌హోస్ట్’, అంటే ‘ఈ యంత్రమే’ అని. ఎమ్యులేటర్‌లోని యాప్ కూడా లోకల్‌హోస్ట్ అనే అడుగుతుంది. కానీ ఆ మాట పలికేది ఎమ్యులేటర్ కాబట్టి ‘ఈ యంత్రం’ అంటే ఎమ్యులేటరే. సర్వర్ దొరకదు. కంప్యూటర్‌ను చేరాలంటే 10.0.2.2 అనే ప్రత్యేక చిరునామా వాడాలి. ఐఫోన్ సిమ్యులేటర్ మ్యాక్ నెట్‌వర్క్‌నే పంచుకుంటుంది కాబట్టి అక్కడ లోకల్‌హోస్ట్ చక్కగా పనిచేస్తుంది. ఒకే కోడ్, ఒకే చిరునామా. ఒకచోట నడుస్తుంది, మరోచోట నడవదు.

అసలు ఫోన్‌ను కలపడం కష్టమేమీ కాదు. ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్‌లోని ‘బిల్డ్ నంబర్’పై ఏడుసార్లు తడితే డెవలపర్ ఎంపికలు తెరుచుకుంటాయి. అందులో యూఎస్‌బీ డీబగ్గింగ్‌ను ఆన్ చేసి, ఈ కంప్యూటర్‌ను నమ్మవచ్చా అని ఫోన్ అడిగినప్పుడు ఒప్పుకోవాలి. ఇంత చేసినా ఫోన్ కనిపించకపోతే ముందు కేబుల్ మార్చి చూడాలి. కొన్ని కేబుళ్లు చార్జింగ్‌కే తప్ప డేటాకు పనికిరావు. ఐఫోన్‌లో ఐఓఎస్ 16 నుంచి ‘డెవలపర్ మోడ్’ను విడిగా ఆన్ చేయాలి. ఉచిత ఖాతాతో ఎక్కించిన యాప్ ఏడు రోజులకే గడువు తీరి ఆగిపోతుంది. అది బగ్ కాదు, నియమం.

ఆ అసలు ఫోన్ ఏది కావాలి? పరిశీలకుల చేతుల్లో ఉండేదే. ఖరీదైన కొత్త ఫోన్‌లో హాయిగా జారే జాబితా, తక్కువ మెమరీ ఉన్న పాత ఆండ్రాయిడ్‌లో తడబడవచ్చు. సెకనుకు 60 సార్లు మారే తెరపై ఒక్కో చిత్రానికి దొరికే సమయం సుమారు 16.7 మిల్లీసెకన్లే. ఆ లోపు పని ముగియకపోతే కంటికి కుదుపు తెలుస్తుంది.

చూడడం వల్ల మారిపోయే తప్పులు

డీబగ్గర్ అంటే నడుస్తున్న ప్రోగ్రామ్‌ను కోరిన గీత దగ్గర ఆపి, ఆ క్షణంలో ఏ పెట్టెలో ఏ విలువ ఉందో చూపే పరికరం. భౌతికశాస్త్రంలో ఏ పరికరానికైనా వర్తించే ప్రశ్న దీనికీ వర్తిస్తుంది: కొలవడం వల్ల కొలిచేది మారుతోందా? పరిశీలించబోతే మాయమయ్యే తప్పులను కంప్యూటర్ శాస్త్రవేత్త జిమ్ గ్రే 1985 నాటి నివేదికలో ‘హైసన్‌బగ్’ అన్న పేరుతో ప్రస్తావించారు. హైజెన్‌బర్గ్ పేరు మీద చమత్కారం అది.

రియాక్ట్ నేటివ్ తొలి సంవత్సరాల్లో ఇది చమత్కారంగా మిగలలేదు. అప్పట్లో డీబగ్గింగ్‌ను ఆన్ చేస్తే జావాస్క్రిప్ట్ కోడ్ ఫోన్‌లో నడవడం మానేసి, కంప్యూటర్‌లోని క్రోమ్ బ్రౌజర్‌లో నడిచేది. ఫోన్ దాని ఫలితాలను చూపేదంతే. ఐఫోన్‌లో జావాస్క్రిప్ట్‌ను నడిపే ఇంజిన్ వేరు, క్రోమ్‌లోది వేరు. వాన యాప్‌లో సమయాన్ని ‘2018-07-15 08:30’ అని మధ్యలో ఖాళీతో రాశారనుకుందాం. క్రోమ్ దాన్ని తేదీగా ఒప్పుకునేది. ఐఫోన్ ఇంజిన్ చెల్లని తేదీ అనేది. అంటే తప్పును చూద్దామని డీబగ్గర్ తెరిచిన క్షణమే తప్పు మాయం. మూసేస్తే మళ్లీ ప్రత్యక్షం. తేదీకి, గంటకు మధ్య ఖాళీకి బదులు ‘టీ’ అక్షరం పెట్టే అంతర్జాతీయ ప్రమాణ రూపాన్ని వాడితే సమస్యే లేదు. కానీ ఆ సంగతి తెలియడానికి ముందు, కోడ్ నిజంగా ఏ యంత్రంలో నడుస్తోందో తెలియాలి. తర్వాతి కాలంలో రియాక్ట్ నేటివ్ ఈ పద్ధతిని వదిలేసింది. ఇప్పటి డీబగ్గర్ ఫోన్ లోపల నడుస్తున్న ఇంజిన్‌నే నేరుగా చూస్తుంది.

ఫ్లట్టర్‌లోని ‘హాట్ రీలోడ్’ సౌకర్యానికీ ఇలాంటి మెలిక ఉంది. కోడ్ మార్చి సేవ్ చేస్తే యాప్ ఆగకుండానే మార్పు తెరపైకి వస్తుంది. అప్పటిదాకా నింపిన వివరాలూ అలాగే ఉంటాయి. సరిగ్గా అందువల్లే, యాప్ మొదలయ్యేటప్పుడు ఒక్కసారే నడిచే కోడ్ మళ్లీ నడవదు. ఆ భాగంలో తప్పు చేసినా తెలియదు. రోజుకు కొన్నిసార్లయినా యాప్‌ను పూర్తిగా మూసి మొదటి నుంచి తెరవాలి.

ఏ డీబగ్గర్ అయినా ఒక పొరనే చూస్తుందన్నదీ గుర్తుంచుకోవాలి. డార్ట్ లేదా జావాస్క్రిప్ట్‌లో తప్పు జరిగితే ఎర్ర తెరపై గీత సంఖ్యతో సహా కనిపిస్తుంది. కెమెరా వంటి ఫోన్ సొంత భాగంలో తప్పు జరిగితే యాప్ చప్పుడు లేకుండా మూసుకుపోతుంది. అప్పుడు వెతకాల్సింది ఆండ్రాయిడ్‌లో ‘లాగ్‌క్యాట్’, ఐఫోన్‌లో కన్సోల్. వ్యవస్థ తన కోసం రాసుకునే దినచర్యలు అవి.

తెల్లవారుజామున మాత్రమే కనిపించే బగ్

కొన్ని తప్పులకు వేళాపాళా ఉంటుంది. వాన యాప్ ఈ రోజు తేదీని ప్రపంచ ప్రామాణిక సమయం ప్రకారం రాసుకుందనుకుందాం. భారత సమయం దానికన్నా అయిదున్నర గంటలు ముందుంటుంది. ఉదయం 8:30కి నమోదు చేస్తే అక్కడ తెల్లవారుజాము 3 గంటలు. తేదీ ఒకటే, ఏ గొడవా లేదు. కానీ అర్ధరాత్రి కుండపోత తర్వాత ఎవరైనా తెల్లవారుజామున 4 గంటలకే లేచి కొలత నమోదు చేస్తే, యాప్ లెక్కలో అది ఇంకా నిన్ననే. ఒక రోజు వాన మరో రోజు ఖాతాలో పడుతుంది. యాప్ కూలదు, ఎర్ర అక్షరాలూ రావు. పగలు ఆఫీసులో పరీక్షించేవారికి ఈ తప్పు ఎన్నడూ ఎదురుకాదు. కుండపోత కురిసిన రాత్రుల లెక్కలే చెడిపోతాయి. పరీక్షించే ఫోన్ గడియారాన్ని 4 గంటలకు తిప్పి చూడడానికి పట్టేది ఒక్క నిమిషం.

విడుదల రోజు మరో యాప్

తయారీ దశలో నడిచే యాప్, జనం దించుకునే యాప్ ఒకటి కావు. ఫ్లట్టర్ డీబగ్ రూపంలో కోడ్‌ను నడుస్తూండగానే అనువదించుకుంటుంది. విడుదల రూపంలో ముందే ప్రాసెసర్ భాషలోకి మార్చేస్తుంది. అందుకే డీబగ్ రూపం నెమ్మదిగా ఉందని కంగారు పడకూడదు. వేగాన్ని కొలవడానికి ‘ప్రొఫైల్’ అనే మూడో రూపం ఉంది. దాన్ని అసలు ఫోన్‌లోనే నడపాలి.

అనుమతులూ మారతాయి. ఫ్లట్టర్ కొత్త ప్రాజెక్టులో ఆండ్రాయిడ్ డీబగ్ రూపానికి ఇంటర్నెట్ అనుమతి ముందే ఉంటుంది, ఎందుకంటే డీబగ్గింగ్ పనిముట్లు యాప్‌తో మాట్లాడాలి. ప్రధాన అనుమతుల ఫైల్‌లో మాత్రం అది ఉండదు. రాసినవారే చేర్చాలి. మరిచిపోతే నెలల తరబడి చక్కగా పనిచేసిన యాప్ విడుదల రూపంలో సర్వర్‌ను చేరలేదు. ఆండ్రాయిడ్ 9 నుంచి ఎన్‌క్రిప్షన్ లేని ‘హెచ్‌టీటీపీ’ చిరునామాలను వ్యవస్థే అడ్డుకుంటుంది. అది మరో ఉచ్చు. ఈ రెండింటినీ ముందే పట్టాలంటే విడుదల రూపాన్ని చివరి రోజున కాకుండా మొదటి వారంలోనే ఒకసారి తయారు చేసి ఫోన్‌లో ఎక్కించాలి.

విడుదల రూపంలో కోడ్‌ను కుదించి, పేర్లను చిన్న అక్షరాలుగా మార్చడమూ మామూలే. ఆ తర్వాత ఎక్కడో ఒక ఫోన్‌లో యాప్ కూలి నివేదిక వస్తే, అందులో అసలు పేర్లుండవు. వాటిని తిరిగి అసలు గీతలతో జోడించే ఫైళ్లు తయారీ సమయంలోనే పుడతాయి. ప్రతి విడుదలకూ వాటిని దాచుకోకపోతే ఆ నివేదిక చదవరాని తాళపత్రమే.

తెలుగుతో పరీక్షించడం

చాలా ప్రాజెక్టుల్లో పరీక్షకు ‘టెస్ట్’, ‘ఏబీసీ’ వంటి ఆంగ్ల మాటలే టైపు చేస్తారు. వాటితో తెలుగు చిక్కులు బయటపడవు. ‘జ్ఞా’ మనిషికి ఒక అక్షరం, కంప్యూటర్‌కు నాలుగు గుర్తులు. వ్యాఖ్యను 50 గుర్తుల దగ్గర కత్తిరించే కోడ్, వత్తు మధ్యలో కత్తి వేయవచ్చు. ‘జ్ఞానం’ కాస్తా ‘జ్’గా మిగలవచ్చు. ఆంగ్ల అక్షరాలకు సరిపోయే గీత ఎత్తులో ‘స్త్రీ’ వంటి మాట పైన గుణింతమో, కింద వత్తో తెగిపోవచ్చు. ఆండ్రాయిడ్‌లో బాగున్నది ఐఫోన్‌లో తెగవచ్చు, ఎందుకంటే రెండింటి తెలుగు ఫాంట్లు వేరు.

కాబట్టి వాన యాప్‌ను పరిశీలకులకు పంపే ముందు ఒక పూట కేటాయించి చేయాల్సిన పని ఇది. ఒక పాత ఆండ్రాయిడ్, ఒక ఐఫోన్ తీసుకోవాలి. కేబుల్ పీకేసి, విడుదల రూపాన్ని ఎక్కించాలి. గడియారాన్ని తెల్లవారుజాము 4 గంటలకు తిప్పి, నెట్‌వర్క్ ఆపేసి, 42.5 మిల్లీమీటర్ల వాన నమోదు చేయాలి. వ్యాఖ్యలో ‘స్త్రీ’, ‘విజ్ఞానం’, ‘సాఫ్ట్‌వేర్’ మూడూ వచ్చేలా ఒక వాక్యం రాయాలి. యాప్‌ను మూసి, మళ్లీ తెరిచి, నెట్‌వర్క్ ఇవ్వాలి. తర్వాత సర్వర్‌లో చేరిన తేదీ, అంకె, వాక్యం రెండు ఫోన్ల నుంచీ ఒకేలా ఉన్నాయో లేదో పోల్చి చూడాలి.